కాన్ఫెడరేట్ సిపాయి ఏకపాత్ర: నడకలో వాని దినం ఎట్ల గడిచేది?

దేవరకొండ_పంతులు:

అందరికీ నమస్తే. మా డిగ్రీ కాలేజీ చరిత్ర విభాగం పిల్లల కోసం పన్నెండు నిమిషాల ఏకపాత్ర రాస్తున్న. అమెరికా అంతర్యుద్ధం, 1862 సెప్టెంబర్. పాత్ర దక్షిణాది సిపాయి, అంటే దేశం నుంచి విడిపోయిన కాన్ఫెడరేట్ రాష్ట్రాల సైన్యంల ఉన్నోడు. నార్త్ కరోలినా పడమటి కొండల్లో కొద్దిపాటి భూమి ఉన్న రైతు, వయసు 28, ఇంటి దగ్గర భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. దక్షిణాది జనరల్ లీ సైన్యంతో పొటోమాక్ నది దాటి ఉత్తరాది చేతిల ఉన్న మేరీల్యాండ్‌లకు నడుస్తున్నడు. కాల్పులు వేదిక మీద చూపిస్తలేను. నడక, తిండి, నిద్ర, ఇంటి మీద ధ్యాస, ఇవే.

ఇప్పటికి అనుకున్న సామాను: వీపు మీద పెద్ద సంచి, చిన్న డేరా, కాఫీ కాచే గిన్నె, బూడిద రంగు కోటు, నల్ల బూట్లు, తుపాకి. వీటిల్ల ఏది ఉండాలె, ఏది పోవాలె? రోజుకు ఎంత దూరం నడిచేది, ఎంత బరువు మోసేది, ఏం తినేది, ఇంటికి ఉత్తరం ఎట్ల పోయేది, తెలిసినోళ్లు చెప్పున్రి. లెక్కలు కిలోలల్ల, కిలోమీటర్లల్ల ఉంటే పిల్లలకు ఎక్కుతది. సామాను దేవరకొండ, నల్లగొండ బజార్ల దొరికేటట్టుండాలె.

కృష్ణ_ఒడ్డు:

పంతులు సార్, వీపు సంచి, డేరా రెండూ తీసెయ్యున్రి. 1861ల ఊరి నుంచి బయలెల్లినప్పుడు వాళ్ల దగ్గర అన్నీ ఉండె: సంచి, రెండు మూడు జతల బట్టలు, దుప్పట్లు, పెనం, పెద్ద కత్తి. తొలి పెద్ద నడకలల్లనే అవన్నీ బాట పక్కన పడ్డయి. బండ్లు తక్కువ, డేరాలు మోసే దిక్కు లేదు. 1862 ఎండాకాలం పోయేసరికి లీ సైన్యంల మామూలు సిపాయి మీద మిగిలినయి తుపాకి, తూటాల పెట్టె, చుట్టిన దుప్పటి, తిండి సంచి, నీళ్ల డబ్బా, ఒక రేకు గ్లాసు. అంతే.

బరువు చూడున్రి. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ 140 సెంటీమీటర్ల పొడుగు, 4 కిలోల పైన. 40 తూటాలు పెట్టెతోని కలిపి దగ్గర దగ్గర 2 కిలోలు. దుప్పటి, అండ్ల ఒక అంగీ, మేజోళ్లు కలిపి ఇంకో 2 కిలోలు. నిండు నీళ్ల డబ్బా కిలో పైన. తిండి సంచి, ఇచ్చిన రోజు కిలో కిలోన్నర, మూడో రోజు ఖాళీ. అన్నీ కలిపితే 10, 11 కిలోలు. ఎదుటి పక్షం సిపాయి వీపు సంచితోని 18, 20 కిలోలు మోసేటోడు. దక్షిణాదోళ్లు గబగబ నడిచినరంటే అండ్ల ఈ తేలిక బరువు పాత్ర చాలా ఉన్నది. రాత్రి చలికి, వానకు వణికింది గూడ దీనికే.

దుప్పటి చుట్టుడు తెలిస్తే వేదిక మీద చూడంగనే గుర్తు పడుతరు. దుప్పటిని నేల మీద పరిచి, అంగీ, మేజోళ్లు నడిమిట్ల సమంగా పరిచి, పొడుగు దిక్కు నుంచి బిగువుగా గుండ్రంగా చుట్టాలె. రెండు కొసలు దగ్గరికి తెచ్చి తాడుతోని కట్టాలె. ఎడమ భుజం మీద వేస్తే ముడి కుడి తుంటి కాడికి రావాలె. కుడి భుజం తుపాకికి కావాలె కాబట్టి ఈ లెక్క తప్పొద్దు. తూటాల పెట్టె నడుం బెల్టుకు కుడివైపు. తిండి సంచి, నీళ్ల డబ్బా కుడి భుజం నుంచి ఎడమ తుంటికి వేలాడాలె. మన దగ్గర పాత గొంగడి దీనికి బాగా కుదురుతది. దళసరిది గాకుండా అరిగి పల్చబడ్డది తీస్కోవాలె, లేకుంటే చుట్ట లావై పిల్లగాని మెడ తిరగది. తిండి సంచికి కోరా బట్ట చాలు, 30 సెంటీమీటర్ల చదరం, ఒకటే పట్టీ. కొత్తగా తెల్లగ పెట్టకున్రి. అండ్ల ఉప్పు పట్టించిన పంది మాంసం పెడితె కొవ్వు కారి సంచంత జిడ్డు మరకలే ఉండేది. నూనె, బూడిద కలిపి రుద్దితె ఆ రూపు వస్తది. నీళ్ల డబ్బా 15 సెంటీమీటర్ల గుండ్రటి రేకు డబ్బా, రేకు పని చేసేటోళ్లు చేసిస్తరు. చాలామంది దగ్గర ఎదుటి సైన్యం నుంచి దొరికిన గుడ్డ తొడుగు డబ్బాలు ఉండె, గోనె గుడ్డ చుట్టినా నడుస్తది.

టోపీకి వెడల్పు అంచున్న పాత ఉన్ని టోపీ. దాని పట్టీకి లేకుంటే కోటు గుండీ బెజ్జానికి పళ్ల బ్రష్ గుచ్చుకునేటోళ్లు చాలామంది ఉండె. చిన్న వస్తువే గాని, చూసేటోళ్లకు వాడు మనిషిగా కనవడేది అట్లాంటి దాంతోనే.

ఇగ నడక. వాళ్ల కవాతు పుస్తకంల వేగం నడక నిమిషానికి 110 అడుగులు, ఒక్కో అడుగు 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు. ఆగకుంట పోతె గంటకు 4.7 కిలోమీటర్లు. అది మైదానం లెక్క. బాట మీద నలుగురు నలుగురు వరుసల, ఎవని అడుగు వానిదే, తుపాకి ఎట్ల పట్టుకున్నా అడిగేటోడు లేడు. లీ కింది జనరల్ జాక్సన్ దళాలల్ల 50 నిమిషాలు నడక, 10 నిమిషాలు విశ్రాంతి. ఆ పది నిమిషాలు కూసునుడు గాదు, వెల్లకిలా పండుకోవాలె, కాళ్లకు అప్పుడే తెరిపి. మామూలు రోజు 20, 25 కిలోమీటర్లు. 1862 ఆగస్టు 25, 26ల జాక్సన్ దళం రెండు రోజుల్ల 80 కిలోమీటర్లు దాటి నడిచి మనాసస్ జంక్షన్ కాడ ఉత్తరాది సైన్యం గోదాముల మీద పడ్డది. మహబూబ్‌నగర్ల బయలెల్లి రేపు మాపటికి శంషాబాద్ చేరినట్టు, బరువు మోసుకుంట, ఆగస్టు ఎండల.

పెద్ద వరుసల నడకకు ఒక పీడ ఉంటది. ముందటోళ్లు వాగు కాడ రెండు నిమిషాలు ఆగితె వెనకటోళ్లు అర్ధ గంట ఎండల నిలబడాలె, మళ్ల సందు పూడ్చెటందుకు ఉరకాలె. దుమ్మంత వెనకటోళ్లకే. అందుకే ఇయ్యాల ముందు పోయిన దళాన్ని రేపు వెనక పెట్టేటోళ్లు. మీ పాత్ర ఆ రోజు ఎక్కడున్నడో ముందు తేల్చుకోన్రి. వెనకుంటె ముఖం, కనుబొమ్మలు, గడ్డం అంత ఒకటే దుమ్ము రంగు.

పొటోమాక్ దాటింది సెప్టెంబర్ 4 నుంచి 7 మధ్యల. నడుం దాక నీళ్లు. బూట్లున్నోళ్లు మెడకు కట్టుకున్నరు, తూటాల పెట్టె తుపాకి కొసకు తగిలించి పైకెత్తి పట్టుకున్నరు. మందు తడిస్తె తూటా ఎందుకూ పనికిరాదు.

దేవరకొండ_పంతులు:

కృష్ణ_ఒడ్డు గారూ, చాలా పనికొచ్చింది. మరి బూట్ల సంగతి? వట్టి కాళ్లతోని నిలబెడితే ఏడిపియ్యడానికి పెట్టినట్టు ఉంటదేమో అని ఆగిన. కోటు రంగు గూడ బూడిదేనా?

గొంగడి_దారం:

పంతులు గారూ, ఏడిపించడానికి కాదు, అది లెక్కలో ఉన్న విషయం. సెప్టెంబర్ 3న లీ స్వయంగా దక్షిణాది అధ్యక్షుడు డేవిస్‌కు రాసిన ఉత్తరంలో తన మనుషులకు బట్టలు సరిగా లేవని, వేల మందికి బూట్లే లేవని చెప్పుకున్నాడు. కాబట్టి వట్టి కాళ్లు సరైనవే.

బూట్లు ఎందుకు నిలవలేదో తెలిస్తే పాత్రకు రెండు మంచి మాటలు దొరుకుతాయి. చెప్పుల తోలు బాగా ఊనాలంటే నెలల తరబడి బెరడు నీళ్లలో ఉండాలి. యుద్ధం తొందరలో సగం ఊనిన తోలుతో కుట్టారు. వాన పడితే సాగి వదులవుతుంది, ఎండితే ముడుచుకుని పగులుతుంది. కుట్టు దగ్గర అట్ట ఊడుతుంది. దాన్ని తాడుతో కట్టుకుని ఇంకో నాలుగు రోజులు లాగేవాళ్లు. తర్వాత వట్టి కాళ్లు. వర్జీనియా మట్టి బాటల్లో వట్టి కాళ్లతో నడవగలిగిన రైతు బిడ్డలే, మేరీల్యాండ్‌లో కంకర పరిచిన రోడ్ల మీద కూలబడ్డారు. సున్నపురాయి కంకర అంచులు పాదాన్ని కోస్తాయి. సైన్యం వెనక వేల మంది జారిపోవడానికి కడుపు నొప్పులతో పాటు ఇదీ కారణం. వేదిక మీద ఒక కాలికి తాడు కట్టిన బూటు, ఇంకో కాలికి గుడ్డ పీలికలు చుడితే సరిపోతుంది.

మేజోళ్లు ఇంటి నుంచి వచ్చేవి. ఉన్నితో తల్లో భార్యో అల్లి పంపినవి. బొబ్బలు రాకుండా మేజోడు లోపల సబ్బు రుద్దుకోవడం, రాత్రి ఆగిన చోట కాళ్లు చల్లటి నీళ్లతో కడిగి ఆరబెట్టడం, బొబ్బ వస్తే తోలు పీకకుండా సూదీ దారంతో నీరు తీయడం, ఇవి పాత సిపాయిలు కొత్తవాళ్లకు మొదట నేర్పేవి.

కోటు రంగు బూడిద అని చిత్రాల్లో చూస్తాం. మామూలు సిపాయిల మీద ఎక్కువగా కనిపించింది మట్టి గోధుమ రంగు. నూలు పడుగు, ఉన్ని పేకతో నేసిన ముతక బట్టను వాల్‌నట్ జాతి చెట్ల కాయ తొక్కలు, అన్నభేది కలిపి ఇళ్లల్లో అద్దేవాళ్లు. బూడిద రంగు అద్దిన బట్ట కూడా ఎండకు వెలిసి ఆ ఛాయకే వచ్చేది. మీ పాత్ర నార్త్ కరోలినా వాడు కాబట్టి ఒక విషయం: ఆ రాష్ట్రం తన సిపాయిల బట్టల భారం తానే తీసుకుంది, తమ రాష్ట్రంలోని మిల్లుల్లో నేయించి కుట్టించింది. కొత్త కోటు అందిన రోజు మిగతా వాళ్లకంటే వాళ్లే నయం. కానీ ఆగస్టు నుంచి మార్చకుండా వేసుకున్న కోటుకు ఏ రాష్ట్రమైతే ఏముంది?

ఇక్కడ దానికి దగ్గరి రంగు తేవడానికి దానిమ్మ తొక్క చాలు. ఎండు తొక్కలు బాగా మరిగించి వడకట్టి, ముతక నూలు బట్టను అందులో అరగంట నాననివ్వండి. వేరే బకెట్ నీళ్లలో ఒక చెంచా అన్నభేది కరిగించి బట్టను ఒక్కసారి ముంచి తీయండి. పసుపు ఛాయ క్షణాల్లో మట్టి బూడిదకు తిరుగుతుంది. అన్నభేది ఎక్కువైతే నల్లబడుతుంది, బట్ట పోగు కూడా చివికిపోతుంది. కరక్కాయతో చేస్తే నలుపు ఇంకా తొందరగా వస్తుంది, అందుకే దానిమ్మ చెబుతున్నాను. ముందు చిన్న ముక్క మీద చూసుకోండి. వంట గిన్నెలు వాడొద్దు, చేతికి తొడుగులు వేసుకోండి.

కుట్ల సందుల్లో పేలు. ప్రతి సిపాయికీ ఉండేవి, అధికారులకు కూడా. బట్టలు ఉడకబెడితేనే చస్తాయి, ఉడకబెట్టడానికి పాత్ర లేదు, మార్చుకోవడానికి ఇంకో జత లేదు. విశ్రాంతి దొరికినప్పుడు అంగీ విప్పి మంట మీద కుట్లు తిప్పి తిప్పి కాల్చేవాళ్లు. మీ పాత్ర మాట్లాడుతూ చేతులతో చేయగల పని ఇది.

మక్తల్_చదువరి:

తిండి గురించి నేను రాస్తాను, ఎందుకంటే పంతులు గారి కాఫీ గిన్నె మీద నాకు అభ్యంతరం ఉంది. రేవులన్నీ ఉత్తరాది ఓడలు దిగ్బంధం చేశాయి. 1862 నాటికి దక్షిణాది సిపాయికి అసలైన కాఫీ గింజ పండగ లాంటిది. మాడ్చిన మక్కలు, రై అనే గోధుమ లాంటి ధాన్యం గింజలు, బెండ గింజలు, చిలగడదుంప ముక్కలు వేయించి నూరి కాచుకునేవాళ్లు. రంగు వస్తుంది, చేదు వస్తుంది, కాఫీ రాదు. నిజమైన కాఫీ దొరికేది రెండు దారుల్లో: పట్టుకున్న గోదాముల నుంచి, లేదా కాపలా కాసేచోట శత్రువుతో పొగాకు మార్చుకుని. ఆ చలికాలంలో రప్పహన్నాక్ నదికి రెండు ఒడ్డుల కాపలావాళ్లు చిన్న చెక్క పడవలకు తెరచాప కట్టి అటు పొగాకు, ఇటు కాఫీ పంపుకున్నారు. అది మీ కథ తర్వాతి సంగతి, సెప్టెంబర్‌లో పెట్టొద్దు.

కాగితం మీద సిపాయికి రోజుకు రావాల్సింది ముప్పావు పౌను పంది మాంసం, అంటే 340 గ్రాములు, లేదా ఒకటింబావు పౌను గొడ్డు మాంసం, అంటే 570 గ్రాములు. దాంతో 510 గ్రాముల గోధుమ పిండి లేదా 570 గ్రాముల మక్క పిండి. చేతికి వచ్చింది వేరు. 1863 మార్చిలో లీ యుద్ధ మంత్రికి రాసినప్పుడు తన వాళ్లకు అందుతున్నది రోజుకు 510 గ్రాముల పిండి, 113 గ్రాముల నాసిరకం పంది మాంసం, అప్పుడప్పుడు కొంచెం బియ్యం, చక్కెర లేదా పాకం అని లెక్క చెప్పాడు. అది శిబిరంలో కదలకుండా ఉన్నప్పటి లెక్క. నడకలో బండ్లు వెనకబడితే అదీ లేదు.

నడకకు ముందు వచ్చే ఆజ్ఞ ఒకటే: మూడు రోజుల తిండి వండి సంచిలో పెట్టుకోండి. ఆ మాట వినగానే పెద్ద నడకో యుద్ధమో ఉందని అందరికీ అర్థమయ్యేది. చాలామంది ఆ మూడు రోజులదీ ఆ రాత్రే తినేసేవాళ్లు. తిండిపోతుతనం కాదు. మక్క రొట్టె రెండో రోజుకు పులిసి బూజు పడుతుంది, వానకు సంచి తడిస్తే ముద్దవుతుంది. భుజం మీద మోయడం కంటే కడుపులో మోయడం నయం. మూడో రోజు ఆకలి ఖాయం, అది తెలిసే తినేవాళ్లు.

వండే పద్ధతి. నలుగురి నుంచి పది మంది దాకా ఒక పొత్తు, వాళ్లందరికీ ఒక పెనం. పెనం మోసేవాడు వెనకబడితే పొత్తంతా పస్తు. పెనం లేనప్పుడు పిండిలో నీళ్లు కలిపి గట్టి ముద్ద చేసి, తుపాకిలో మందు దట్టించే ఇనుప కడ్డీకి చుట్టి నిప్పుల మీద తిప్పుతూ కాల్చేవాళ్లు. ముద్ద పలచగా ఉంటే జారి నిప్పుల్లో పడుతుంది, మందంగా చుడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చిటికెన వేలి మందాన చుట్టాలి. ఎక్కువగా చేసుకున్న ఇంకో వంట: పంది మాంసం పెనంలో వేయించి కొవ్వు కరగనిచ్చి, ఆ కొవ్వులో మక్క పిండి గానీ చిదిమిన పాత రొట్టె గానీ వేసి, నీళ్లు చిలకరించి గోధుమ రంగు వచ్చేదాకా తిప్పడం. ఉప్పు చాలాసార్లు ఉండేది కాదు. జల్లించని మక్క పిండిలో పొట్టు ఉండిపోతుంది, అది పేగులను గీరుతుంది. సిపాయిలను నడవనీయకుండా చేసిన విరేచనాలకు ఒక కారణం ఇదే.

మేరీల్యాండ్ నడకలో మాత్రం వాళ్లు బతికింది పచ్చి మక్క కంకుల మీద, తోటల్లోని ఆపిల్ కాయల మీద. కంకిని పొట్టుతోనే బూడిదలో పెట్టి కాలిస్తే తినొచ్చు. ఆగే సమయం లేక సగం కాల్చి, ఉప్పు లేకుండా, రోజుకు మూడు పూటలూ అదే తింటే కడుపు ఏమవుతుందో వేరే చెప్పాలా? మందు అంటే నల్లమందు గోళీ. ఆ యుద్ధంలో తూటాలకంటే రోగాలకు పోయినవాళ్లే ఎక్కువ, దగ్గర దగ్గర రెట్టింపు. పేర్లు కావాలంటే విరేచనాలు, టైఫాయిడ్, తట్టు, మలేరియా.

తాజా కూరగాయలు లేక చిగుళ్లు రక్తం కారే జబ్బు వస్తుందని లీ సైన్యంలో 1863 ఎండాకాలం ముందు ప్రతి దళం నుంచి కొందరిని రోజూ అడవి ఉల్లి, ససఫ్రాస్ అనే చెట్టు మొగ్గలు, పోక్ అనే మొక్క లేత మొలకలు, చక్రవర్తి కూర ఏరడానికి పంపేవాళ్లు. పోక్ మొలకలు ఉడికించి ఆ నీళ్లు పారబోసి మళ్లీ కొత్త నీళ్లలో ఉడికించకపోతే విషం. కొండ పల్లె మనిషికి ఇవన్నీ ఇంటి దగ్గరే తెలుసు, అతనే మిగతా వాళ్లకు చూపించి ఉంటాడని రాసుకోవచ్చు.

కాఫీ గిన్నె బదులు ఒక కంకి, ఒక రేకు గ్లాసు పెట్టండి చాలు.

పానగల్_పుస్తకం:

నిద్ర సంగతి రెండు మాటల్లో. ఇద్దరు కలిసి పడుకునేవాళ్లు. ఒకరి దగ్గర నూనె గుడ్డ, అంటే తడి దిగకుండా నూనె పట్టించిన గుడ్డ, ఉంటే అది కింద తేమకు అడ్డం, ఒక దుప్పటి పరుపు, రెండో దుప్పటి ఇద్దరి మీద. తుంటి ఆనే చోట నేల కొంచెం తవ్వుకునేవాళ్లు, కాళ్లు మంట వైపు. నీ జతగాడు చనిపోతే దుప్పట్లో సగం పోయినట్టే. పంతులు గారూ, మీ పాత్రకు ఇంటి బెంగ ఎంతో ఈ జతగాని మీద ఆధారం కూడా అంతే ఉండాలి.

ఇక ఇల్లు. అతని నెల జీతం 11 డాలర్లు. రెండు నెలలకోసారి రావాలి, ఆరు నెలలకు కూడా వచ్చిన దాఖలా తక్కువ కాదు. వచ్చేసరికి కాగితం డబ్బు విలువ పడిపోయి ఉండేది. ఆ డబ్బు మీద ఇల్లు నడవదు. కాబట్టి ఉత్తరాల్లో ప్రేమ మాటలకంటే పొలం మాటలే ఎక్కువ. సెప్టెంబర్ అంటే అక్కడ మక్క ఆకు కోసి మేతకు కట్టలు కట్టే నెల, తీపి జొన్న గడలు గానుగ ఆడి పాకం కాచే నెల. అక్టోబర్‌లో గోధుమ విత్తాలి. నవంబర్ దాకా కంకులు విరవాలి. డిసెంబర్ చలికి పందులు కోసి ఉప్పు పట్టించాలి. అతను ఇంటికి రాసేది ఇవి: ఏ చెలకలో గోధుమ వేయాలి, గుర్రం నాడాలకు ఎవరిని అడగాలి, ఏ పంది అమ్మాలి, ఏది ఉంచాలి, ఫలానా అప్పు కాగితం ఏ పెట్టెలో ఉంది.

ఉప్పు మీద ఒక్క మాట తప్పకుండా పెట్టండి. దిగ్బంధం వల్ల ఉప్పు కరువైంది. ఉప్పు లేకుంటే కోసిన మాంసం కుళ్లిపోతుంది, ఏడాది మాంసం పోయినట్టే. రాష్ట్ర ప్రభుత్వాలే ఉప్పు తెప్పించి సిపాయిల కుటుంబాలకు పంచాల్సి వచ్చింది. సైన్యంలో ఉన్న భర్త, ఇంట్లో ఉప్పు దొరికిందా లేదా అని మూడు ఉత్తరాల్లో వరసగా అడిగితే అది నిజమైన బెంగ.

సెలవు అనేది నడక కాలంలో లేదు. గాయపడితేనో జబ్బు ముదిరితేనో ఇస్తారు. సెలవు లేకుండా వెళ్లిపోయినవాళ్లలో చాలామంది తిరిగి వచ్చారు కూడా, కోతలైపోయాక. యుద్ధం ముగిసేసరికి పారిపోయిన దక్షిణాది సిపాయిలు లక్షకు పైగా ఉంటారని లెక్క. పట్టుబడితే శిక్ష తల గొరగడం నుంచి కాల్చి చంపడం దాకా.

నిజాం_తాలూక:

పై వాళ్లందరూ మంచిగ రాసిన్రు. ఒకటి మిగిలింది, అది లేకుంటె ఈ ఏకపాత్ర సగమే నిజమైతది.

పంతులు సార్, పేద రైతు, ఆకలి, వట్టి కాళ్లు, ఇంటి బెంగ, ఇంతే చూపిస్తె చూసే పిల్లలు వానికోసం బాధపడుతరు, వాడు నిలబెడుతున్నదేందో అడగరు. ఆ ప్రభుత్వం ఏర్పడ్డదే మనుషులను సొత్తుగా ఉంచుకునే హక్కు కోసం. ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానాల ఇచ్చిన ఉపన్యాసంల మా కొత్త ప్రభుత్వానికి పునాది రాయి నల్లవాళ్లు తెల్లవాళ్లతోని సమానం కాదనేదే అని దాపరికం లేకుంట చెప్పిండు. ఆ పదకొండు రాష్ట్రాలల్ల 35 లక్షల మంది బానిసలు ఉండె. సుమారు మూడో వంతు తెల్ల కుటుంబాలు బానిస యజమానులు. కొండ జిల్లాలల్ల తక్కువ, మీ పాత్రకు ఒక్కడు గూడ లేకపోవచ్చు. అయినా వాడు నడిచే వరుసలనే వాళ్లు ఉన్నరు. బండ్లు తోలింది, అధికారుల వంట చేసింది, గుర్రాలను చూసింది, నీళ్లు కట్టెలు తెచ్చింది వేల మంది బానిసలు. కోటల మట్టి తవ్వింది గూడ వాళ్లే. ఎక్కడన్న చీకట్ల సందు దొరికితె ఉత్తరాది దిక్కు పారిపోయేటోళ్లు.

మీ తేదీలకు సరిగ్గా కుదిరే సంగతి ఒకటున్నది. సెప్టెంబర్ 15న హార్పర్స్ ఫెర్రీ అనే ఊర్ల 12 వేల మంది ఉత్తరాది సైనికులు జాక్సన్‌కు లొంగిపోయిన్రు. సిపాయిలకు తిండి, బట్టలు, బూట్లు దొరికినయి. బానిసత్వం నుంచి తప్పించుకొని అక్కడ తలదాచుకున్న వందల మంది నల్లవాళ్లను గూడ పట్టుకొని మళ్ల బానిసత్వంలకు తోలిన్రు. మీ సిపాయి కాలికి ఆ రోజు కొత్త బూట్లు వచ్చి ఉంటయి. ఆ బాట మీదనే ఎదురుంగ వాళ్లను తోలుకపోతుంటె వాడు చూసి ఉంటడు. వానితో ఏం అనిపిస్తరో మీ ఇష్టం, చూసినట్టు మాత్రం ఉండాలె.

తేదీల జాగ్రత్త గూడ చెప్తున్న. 18 నుంచి 35 ఏండ్ల తెల్లవాళ్లను బలవంతంగా సైన్యంల చేర్చే చట్టం 1862 ఏప్రిల్‌ది, అది మీ పాత్ర మాట్లాడొచ్చు. ఇరవై మంది బానిసలున్న తోటకు ఒక తెల్ల మగమనిషిని సైన్యం నుంచి తప్పించే చట్టం అక్టోబర్ 11న వచ్చింది, పేద సిపాయిల కోపమంత దాని మీదనే, గని మీ సెప్టెంబర్ల అది ఇంకా లేదు. లింకన్ బానిసల విముక్తి ప్రకటన ముసాయిదా సెప్టెంబర్ 22న. పంటల పదో వంతు పన్ను, రిచ్‌మండ్ల ఆడవాళ్ల రొట్టెల అల్లరి 1863ల. ఇవేవీ ముందే జొరపడకుంట చూస్కోన్రి.

దేవరకొండ_పంతులు:

నిజాం_తాలూక అన్నా, హార్పర్స్ ఫెర్రీ దృశ్యం నడిమిట్ల పెడుత. దాంతోని ఏకపాత్ర దారే మారుతది, మారాలె గూడ. వంటలవీ, పొలం మాటలవీ అట్లనే వాడుకుంట. ఇంక రెండే ప్రశ్నలు. తుపాకి కాల్చుడు లేదు గని, ఒకసారి నింపి చూపిస్తె ఏమేం చెయ్యాలె? చివర్ల వాడు ఉత్తరం మడిచి పంపుతడు, ఆ కవరు మీద ఏం రాయాలె, స్టాంపు ఎంత?

కృష్ణ_ఒడ్డు:

తుపాకి: 140 సెంటీమీటర్ల కర్ర, దాని కింద ఒక సన్న కడ్డీ చాలు. నింపుడు పుస్తకంల తొమ్మిది ఆజ్ఞలు, చేతి పని ఇదీ. తుపాకి మడమ నేల మీద, గొట్టం నోరు తన ముందట. పెట్టెల నుంచి కాగితం తూటా తియ్యాలె. కొసను పళ్లతోని కొరికి చింపాలె. ముందు పళ్లు పైనా కిందా లేనోన్ని ఈ పనికి తీసుకునేటోళ్లు గాదు. మందు గొట్టంల పోసి, సీసం గుండు పెట్టాలె. కడ్డీ గుంజి లోపలికి దట్టించి, కడ్డీని మళ్ల దాని జాగల పెట్టాలె. తుపాకి నడుం దాక లేపి, తుపాకి సుత్తి సగం వెనక్కి గుంజి, కొడితె నిప్పు పుట్టే గింజంత రాగి టోపీని నిప్పు బెజ్జం మీద నొక్కాలె. అలవాటైనోడు నిమిషానికి మూడుసార్లు. కడ్డీ తియ్యడం మరిచి కాలిస్తె కడ్డీ గూడ పోతది, ఆ తుపాకి ఆ దినానికి కర్రే.

మందుల సూరేకారం ఉంటది, కొరికిన ప్రతిసారి నోట్లె పడి పెదవులు నల్లబడుతయి, నాలుక ఎండుతది. ఇరవై తూటాల తర్వాత గొట్టం లోపల మడ్డి పేరుకొని గుండు దిగది, నీళ్లు పోసి కడగాలె, నీళ్లు లేకుంటె మూత్రం. నీళ్ల డబ్బా నిండుగ ఉంచుకోవాలన్న ఆత్రం దాహంకే గాదు, దీనికి గూడ. అప్పటికి చాలామంది చేతులల్ల పాత నున్నటి గొట్టం మస్కెట్లే ఉండె, వాటికీ నింపుడు ఇదే పద్ధతి.

పానగల్_పుస్తకం:

కవరు గురించి. 1862 జూలై 1 నుంచి దక్షిణాది పోస్టులో ఉత్తరానికి 10 సెంట్లు, దూరం ఎంతైనా. సిపాయి దగ్గర చిల్లర ఉండదని 1861 జూలైలోనే చట్టం చేశారు: సిపాయి స్టాంపు లేకుండా పంపొచ్చు, ఇంటి దగ్గర అందుకున్నవాళ్లు 10 సెంట్లు కట్టాలి. షరతు ఒకటి, కవరు మీద తన పేరు, హోదా, కంపెనీ, రెజిమెంటు తానే రాయాలి. కాబట్టి పై భాగంలో చిన్న అక్షరాలతో పంపినవాని పేరు, కంపెనీ, రెజిమెంటు, నార్త్ కరోలినా దళాలు అని రాయించండి. నడుమ భార్య పేరు, ఆ కింద పోస్టాఫీసు ఊరు, కౌంటీ, రాష్ట్రం. ఇంటి నంబరు, వీధి వద్దు, పల్లెకు ఉత్తరం పోస్టాఫీసులో పడి ఉంటే వాళ్లే వెళ్లి తెచ్చుకోవాలి. కుడి మూల ఖాళీ, అక్కడ పోస్టాఫీసువాళ్లు 10 బాకీ అని ముద్ర వేస్తారు.

కొత్త కవరు పెట్టొద్దు. కాగితం కరువు వల్ల వచ్చిన కవరును విప్పి లోపలి వైపు బయటికి తిప్పి అతికించి మళ్లీ వాడేవాళ్లు, గోడ కాగితంతో చేసిన కవర్లూ ఉన్నాయి. ఉత్తరం ఒక వైపు నిండితే కాగితం అడ్డంగా తిప్పి రాసిన గీతల మీదే మళ్లీ రాసేవాళ్లు. సిరా నేరేడు రంగులో ఉంటే మంచిది, పోక్ పండ్ల రసంతో రాసేవాళ్లు. మేరీల్యాండ్‌లో ఉన్నన్ని రోజులు టపా సరిగా నడవలేదు. కాబట్టి అతను ఆ ఉత్తరాన్ని టపా సంచిలో కాదు, గాయంతో ఇంటికి పంపేస్తున్న తన ఊరివాని చేతికి ఇస్తే బాగా కుదురుతుంది, అలా చేతికిచ్చి పంపడం చాలా మామూలు. చేతికిచ్చిన దానికి ముద్ర, 10 సెంట్ల బాకీ ఉండవు. పై మూలన ఆ మనిషి పేరు రాసి, వీరి ద్వారా అని పెట్టేవాళ్లు.